స్వాన్‌బోర్గ్ తీరాన్ని చూసిన వేసవి

ముప్పై మూడేళ్ళపాటు తూర్పు తీరంలో పడవేసుకుని సముద్రం మీదికి వెళ్ళిన ప్రతివాడికీ స్వాన్‌బోర్గ్ గొంతు తెలుసు. ముఖం తెలిసినవాళ్ళు మాత్రం ఆ ఊరివాళ్ళే. ఊరికి పైన, గాలికి ఎదురొడ్డి నిలబడ్డ ఒంటిగది రేడియో కేంద్రంలో ఆమె ఉద్యోగం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ప్రతి పడవా తానెక్కడుందో ఆమెకు చెప్పాలి. చెప్పని పడవను ఆమె పిలవాలి. పిలిచినా పలక్కపోతే వెతకడానికి మనుషుల్ని పంపాలి. అదీ పని.

ఆమె కుర్చీకి ఎదురుగా గోడంతా వాళ్ళ దీవిదేశం పటం. అందులో సముద్రంలోకి పొడుచుకొచ్చిన ప్రతి కొమ్మూ, నీటిలోంచి తలెత్తిన ప్రతి గుట్టా, నీటి అడుగున దాగిన ప్రతి మెరకా ఆమెకు కంఠతా వచ్చు. ఏ చరియ కింద ఉత్తరగాలికి తలదాచుకోవచ్చో, ఎక్కడ ఆటుకీ పోటుకీ మధ్య నీళ్ళు సుడి తిరుగుతాయో, ఎప్పుడో కొండ పొంగినప్పుడు పారిన లావా ఎక్కడ అల కింద కత్తుల్లా నిలబడి ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్పేది.

చూసింది మాత్రం ఒక్కటీ లేదు. ఆమెకు సముద్రం పడదు. రేవులో కట్టేసి ఉన్న పడవ మీద కాలు మోపితే చాలు, కడుపులో దేవేది. పదహారేళ్ళప్పుడు బాబాయి పెళ్ళికని పక్క అఖాతానికి పడవలో తీసుకెళ్తే, విందు జరిగినంతసేపూ చర్చి వెనక గడ్డిలో పడుకునే ఉంది. పెళ్ళికూతురి బట్టలు ఏ రంగో కూడా తెలీదు. మళ్ళీ కొండదారిన రెండు రోజులు నడిచి ఇంటికొచ్చింది. ఆ తర్వాత నీళ్ళ జోలికి పోలేదు.

మొగుడు ఎయ్‌విందుర్ వడ్రంగి. మాటకారి. ఇంట్లో ఆమె తక్కువ మాట్లాడుతుందని అతనికి దిగులు.

"వందమంది మగాళ్ళతో మాట్లాడొస్తావు. ఇంటికొచ్చాక నాకు మిగిలేది 'తలుపెయ్యి, గాలొస్తోంది' అన్న ముక్కొక్కటే" అనేవాడు.

"నువ్వూ పడవేసుకుని వెళ్ళు. రోజుకి రెండుసార్లు మాట్లాడతా" అనేది ఆమె, అల్లిక మీదనుంచి తల ఎత్తకుండానే.

ఆ పడవలన్నిటిలో స్కెల్ అని ఒకటుండేది. దాని యజమాని బెర్గ్‌స్వెయిన్ ఉత్తరాన ఉన్న క్రాకెయ్ అనే చిన్న దీవివాడు. చలికాలంలో చేపల కోసం తూర్పుకి దిగి, తోడల్లుడితో కలిసి ఇద్దరే పని చేసుకునేవారు. ఎక్కడున్నామో చెప్పి ఊరుకోవాలన్నది నియమం. బెర్గ్‌స్వెయిన్‌కి అది కుదరదు. చివర ఏదో ఒక తోక తగిలించాల్సిందే. తోడల్లుడు చక్కెరనుకుని కాఫీలో సోడా వేశాడనో, కొంగలాంటి పక్షి ఒకటి వచ్చి పడవ కొసన కూచుని దిగనంటోందనో. స్వాన్‌బోర్గ్ నవ్వు ఆపుకుని "సరే, తర్వాత ఎవరు?" అనేది.

పందొమ్మిది వందల ఎనభై ఏడు ఫిబ్రవరిలో ఒక సాయంత్రం గాలి లేస్తోంది. పడవలన్నీ ఒక్కసారే పిలుస్తున్నాయి. ఆమెకు మూడు రోజులుగా జలుబు, తలనొప్పి.

"స్కెల్. రోయ్‌దినూపుర్‌కి ఈశాన్యంగా పదకొండు మైళ్ళు. అంతా బాగుంది. స్వాన్‌బోర్గ్, ఇంకొక్క మాట..."

"బెర్గ్‌స్వెయిన్, నీ వెనక పన్నెండు పడవలు ఆగి ఉన్నాయి. రేపు చెబుదువులే."

"సరే అయితే. రేపే చెప్తా."

మర్నాడు పొద్దున స్కెల్ పలకలేదు. ఏడున్నర నుంచి అయిదు నిమిషాలకొకసారి ఆమె పిలుస్తూనే ఉంది. తొమ్మిదికల్లా దగ్గరున్న పడవలన్నీ వెతకడానికి తిరిగాయి. పదకొండయింది, పన్నెండయింది, ఆమె ఆపలేదు. పన్నెండూ పదికి వెతికేవాళ్ళలో ఒకడు పిలిచి, చేపలు వేసే తొట్టి ఒకటి తేలుతోందనీ, దాని మీద స్కెల్ అన్న పేరుందనీ చెప్పాడు. ఆమె ఆ మాట పుస్తకంలో రాసింది. తర్వాత ఇంకో గంట పిలిచింది. అప్పుడు కేంద్రం పెద్ద వచ్చి ఆమె చేతిలోంచి మైకు మెల్లిగా తీసుకున్నాడు.

ఆ తర్వాత పదిహేడేళ్ళు అదే కుర్చీలో కూచుంది. ఇంకెవరి మాటా మధ్యలో తుంచలేదు. గొర్రె ఈనిన సంగతి చెప్పినా, అత్తగారి గొడవ చెప్పినా చివరిదాకా వింది. వెనక ఆగినవాళ్ళు విసుక్కునేవారు. "స్వాన్‌బోర్గ్ వింటోందని వీడు వాళ్ళ తాత పెళ్ళి దగ్గర్నుంచీ మొదలెట్టాడు" అని ఒకడు గొణిగితే, "నీ వంతూ వస్తుంది, నీ తాత సంగతీ వింటా" అనేది. ఎందుకలా మారిందో ఎవరికీ చెప్పలేదు. ఎయ్‌విందుర్‌కి కూడా.

రెండువేల నాలుగులో ఆ కేంద్రం మూతపడింది. పడవ ఎక్కడుందో ఇప్పుడు యంత్రమే చెప్పేస్తుంది, మనిషి అక్కర్లేదు. స్వాన్‌బోర్గ్ పటాన్ని చుట్ట చుట్టి ఇంటికి తెచ్చుకుంది. ఎయ్‌విందుర్ దానికి చట్రం చేసి వంటింట్లో తగిలించాడు.

ఎనిమిదేళ్ళు గడిచాయి. ఒక మే నెల మధ్యాహ్నం ఆస్‌ముందుర్ వాళ్ళింటికొచ్చాడు. ఒకప్పుడు హెర్రింగ్ చేపల పడవ నడిపినవాడు. ఇప్పుడు డెబ్భైమంది ప్రయాణికులు పట్టే చిన్న ఓడకు కెప్టెన్. వేసవి అంతా పది రోజులకొక చుట్టుగా దీవిని చుట్టబెట్టిస్తాడు. నల్ల ఇసుక తీరాలు, పొగలు కక్కే నేల, పక్షుల చరియలు, పెద్ద ఓడలు పోలేని మూలలు చూపిస్తాడు. బల్ల దగ్గర కూచుని, నూనెలో వేయించిన మెలి రొట్టెలు నాలుగు తిని, గోడ మీది పటం కాసేపు చూసి అసలు సంగతికొచ్చాడు.

"స్వాన్‌బోర్గ్, నా ఓడలో ఒక గది ఖాళీగా ఉంది. రా."

"దేనికి? అంట్లు తోమడానికా?"

"పేర్లు చెప్పడానికి. మా గైడు ద్రీవ చదువుకున్న పిల్ల. రాయిని చూసి వయసు చెప్తుంది, పక్షిని చూసి దాని కాపురం సంగతి చెప్తుంది. కొమ్ముల పేర్లు మాత్రం కాగితం చూసి చదువుతుంది. నా చెవికి ఎక్కదు. ఆ పేర్లు నీ నోట వినే నేను ఇరవై ఏళ్ళు ఇల్లు చేరాను."

"నాకు ఇంగ్లీషు రాదు."

"పేర్లకి ఇంగ్లీషేంటి?"

"నీ ఓడంతా కక్కుతాను, ఆస్‌ముందుర్."

"తీసుకుపో, తీసుకుపో" అన్నాడు ఎయ్‌విందుర్ పొయ్యి దగ్గరనుంచి. "బకెట్టు నేనిస్తా."

స్వాన్‌బోర్గ్ వారం రోజులు ఏ మాటా చెప్పలేదు. భయం కడుపు గురించి మాత్రమే కాదు. ఆ ఓడ స్కెల్ చివరిసారి పలికిన రోయ్‌దినూపుర్ మీదుగా పోతుంది. మర్నాడు బెర్గ్‌స్వెయిన్ ఊరు క్రాకెయ్‌లో ఆగుతుంది. అది ఆమెకు తెలుసు, ఆస్‌ముందుర్‌కీ తెలుసు. తొట్టి దొరికిందని ఆ రోజు పిలిచి చెప్పింది అతనే. ఎనిమిదో రోజున ఆమె అటక మీది పెట్టె దించమంది. ఎయ్‌విందుర్ దించాడు. "నువ్వూ రారాదూ?" అంది. "నా మోకాలు ఓడ మెట్లు ఎక్కదు. వెళ్ళిరా. వచ్చి నాకు చెప్పు" అన్నాడు. ఎండుచేప ముక్కలు, వెన్న, పొగబెట్టిన గొర్రెమాంసం పెట్టిన రొట్టెల డబ్బా మూట కట్టిచ్చాడు.

మొదటి రెండు రోజులు ఆ మూట విప్పలేదు. ఓడ ఏ అఖాతంలోకి పోయిందో, ఏ కొండ పక్కన ఆగిందో ఆమెకు తెలీదు. మంచం, బకెట్టు, కిటికీలో ఊగే ఆకాశం. ద్రీవ గంటకొకసారి వచ్చి ఎండు బిస్కట్టు, చల్లటి నీళ్ళు ఇచ్చి పోయేది. సన్నటి పిల్ల. ముక్కు మీద ఎండకు తోలు లేచిపోయింది.

"నన్ను ఏదో ఒక రేవులో దింపెయ్యమని కెప్టెన్‌కి చెప్పు తల్లీ" అంది స్వాన్‌బోర్గ్.

"చెప్పాను. నీకు దిగే ఓపిక కూడా లేదన్నాడు."

మూడో రోజు పొద్దున ఆకలేసి మెలకువ వచ్చింది. ఎండుచేపకు వెన్న రాసుకుని రెండు ముక్కలు తింది. అవి కడుపులోనే నిలిచాయి. కోటు వేసుకుని, గోడలు పట్టుకుంటూ పైకి, ఓడ నడిపే గదికి వెళ్ళింది. ఆస్‌ముందుర్ లేచి తన కుర్చీ ఆమెకిచ్చాడు.

ఎడమ పక్కన నీళ్ళలోంచి ఒక గోడ లేచి మబ్బుల్లోకి పోయింది. నల్లటి పొరలు, ఎర్రటి పొరలు, వాటి మీద వేలకొద్దీ తెల్ల పక్షులు.

"ఇదేంటి?" అంది.

"నన్నడుగుతావేం? కొల్లుమూలి."

ఆమె చాలాసేపు చూసింది. "ఇంత పెద్దదా? పటంలో అక్షరాలు చిన్నవిగా ఉంటే కొండ కూడా చిన్నదే అనుకున్నా ఇన్నాళ్ళూ."

ద్రీవ మైకు తెచ్చి చేతికిచ్చింది. స్వాన్‌బోర్గ్‌కి కొండకేసి చూస్తుంటే పేరు రావడం లేదు. కళ్ళు మూసుకుంది. అప్పుడొచ్చింది, పాత గొంతు, నిదానంగా, ఒక్కో అక్షరం విడివిడిగా. కొల్లుమూలి. దాని వెనక అఖాతం పేరు. దాని ఉత్తరాన ఉన్న గుట్ట పేరు. ఏ గాలిలో ఎటు పక్క పోవాలో, ఎటు పోకూడదో. కింద డెక్కు మీద నిలబడ్డ ప్రయాణికులకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా మాటలాపి విన్నారు. ద్రీవ తర్వాత వాళ్ళకు చెప్పింది: ఈవిడ ఈ చోట్లేవీ చూడకుండానే వీటి పేర్లన్నీ ముప్పై మూడేళ్ళు చెప్పిందని. చెవికి యంత్రం పెట్టుకున్న జర్మన్ ముసలాయన ఒకడు పైకొచ్చి, మళ్ళీ చెప్పమని చేత్తో సైగ చేశాడు. మళ్ళీ చెప్పింది.

మధ్యాహ్నానికి లౌంగనెస్ వచ్చింది. బల్లపరుపుగా, పొడుగ్గా సముద్రంలోకి చొచ్చుకుపోయిన నేల. ఆస్‌ముందుర్ ఈసారి ఓడ మైకు కాదు, రేడియో మైకు చేతికిచ్చాడు.

"పిలువు" అన్నాడు.

"ఎవర్ని?"

"ఎవరుంటే వాళ్ళని."

ఆమెకు సిగ్గేసింది. అయినా గొంతు సవరించుకుని అంది: "లౌంగనెస్ దగ్గరున్న పడవలు. ఎక్కడున్నారో చెప్పండి."

కాసేపు గరగర. తర్వాత ఒక మగ గొంతు. "ఎవరది? స్వాన్‌బోర్గా? నువ్వింకా బతికే ఉన్నావా?"

"నువ్వెవరివో చెప్పు ముందు. పద్ధతి మర్చిపోయావా?"

"హల్లి. లౌంగనెస్‌కి నాలుగు మైళ్ళు తూర్పు. అంతా బాగుంది, నడుము తప్ప."

"నడుముకేమైంది?"

ఆస్‌ముందుర్ నవ్వుతూ ఇంజను వేగం తగ్గించాడు. ఆ నడుము కథ పావుగంట నడిచింది. ఆమె మొత్తం వింది.

సాయంత్రానికి గాలి పడిపోయింది. ఆ కాలంలో అక్కడ పొద్దు గుంకదు. పది గంటలకు కూడా ఎండ అలల మీద పచ్చగా పడుతూనే ఉంది. రోయ్‌దినూపుర్ దూరాన్నుంచే తెలిసింది. పాత అగ్నిపర్వతం సగం సముద్రంలోకి విరిగిపడింది. మిగిలిన సగం కాలిన ఇటుకలా ఎర్రగా ఉంది. దాని ముందు నీళ్ళలో రెండు రాతి స్తంభాలు, వాటి మీద పెద్ద తెల్ల పక్షులు. మైకు తెస్తే స్వాన్‌బోర్గ్ వద్దని తలూపింది. కిందికి దిగి ఓడ అంచు కమ్మీ పట్టుకుని నిలబడింది. కాసేపటికి ఆస్‌ముందుర్ చుక్కాని చక్రం ఇంకొకరికిచ్చి ఆమె పక్కకొచ్చాడు. ఓడ చాలా నెమ్మదిగా పోతోంది.

"ఆ రోజు ఇలా లేదు" అన్నాడు.

"తెలుసు. ఉత్తరం నుంచి తొమ్మిదో నంబరు గాలి. మంచు జల్లు. నువ్వే చెప్పావు."

"చెప్పాను."

ఎర్రకొండ వెనక్కి పోయేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.

మర్నాడు క్రాకెయ్‌లో దిగనని పట్టుబట్టింది. ద్రీవ వదల్లేదు. "నాలుగు రోజులై నేల మీద కాలు పెట్టలేదు నువ్వు. నడిస్తే కడుపు కుదుటపడుతుంది. ఊరివాళ్ళు హాలులో కాఫీ ఇస్తారు, పెనం మీద పల్చటి అట్లు వేస్తారు. నాకోసం రా" అంది. సరే, కాఫీ తాగి వచ్చేద్దాం, పేరు చెప్పకుండా, అనుకుంది స్వాన్‌బోర్గ్. బెర్గ్‌స్వెయిన్‌కి భార్య ఉండేదని తెలుసు. ఆమె ఉందో పోయిందో, ఇంకా ఆ దీవిలోనే ఉందో లేదో తెలీదు.

రేవు నుంచి హాలుకి దారంతా సముద్రపు పిట్టలు గూళ్ళు పెట్టాయి. మనిషి కనిపిస్తే నెత్తిన పొడవడానికి దూకుతున్నాయి. ప్రయాణికులు తల మీద కర్రలు ఎత్తి పట్టుకుని, కేకలేసుకుంటూ పరిగెత్తారు. స్వాన్‌బోర్గ్ నెత్తిన రొట్టెల డబ్బా పెట్టుకుని నిదానంగా నడిచింది.

హాలు చివర పొయ్యి దగ్గర ఒక పెద్దావిడ అటువైపు తిరిగి అట్లు వేస్తోంది. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది. మగవాళ్ళ స్వెట్టరు చేతులు మోచేతులదాకా మడిచింది.

"కాఫీ ఒకటి. పాలొద్దు" అంది స్వాన్‌బోర్గ్.

అట్టు తిప్పబోయిన చెయ్యి ఆగిపోయింది. పెద్దావిడ వెనక్కి తిరగలేదు.

"ఇంకోసారి అను."

"ఏం అనాలి?"

"ఏదైనా." అట్టు అంచు మాడుతోంది. "స్కెల్ అను."

స్వాన్‌బోర్గ్ వెనక్కి తిరిగి చూసింది. వెళ్ళిపోవచ్చు అనిపించింది, తలుపు పది అడుగుల దూరంలో ఉంది. వెళ్ళలేదు. "స్కెల్" అంది, మెల్లిగా.

పెద్దావిడ పొయ్యి ఆపి, పెనం పక్కకి పెట్టి, చేతులు తుడుచుకుని అప్పుడు తిరిగింది. "స్వాన్‌బోర్గ్‌వి కదూ. నేను మాల్‌ఫ్రీదుర్‌ని. ఇంత పొట్టిగా ఉంటావనుకోలేదు."

వంటగది వెనక పిండి బస్తాల మీద ఇద్దరూ కూచున్నారు. అట్ల సంగతి ద్రీవ చూసుకుంది. మాల్‌ఫ్రీదుర్ ముక్కుసూటి మనిషి, మాటలు నమిలేది కాదు.

"మా వంటింట్లో రేడియో ఉండేది. అందరిళ్ళలోనూ ఉండేది. పొద్దున, సాయంత్రం నువ్వు ఆయన పేరు పిలవడం, ఆయన పలకడం వినేదాన్ని. ఆ రోజు కూడా విన్నా. ఏడున్నర నుంచి. నువ్వు పిలిచినంతసేపూ ఆయన ఎక్కడో ఉన్నట్టే అనిపించింది. ఒంటిగంటకి నువ్వు ఆపేశావు. అప్పుడు నీ మీద వచ్చింది కోపం. కెటిల్ తీసి రేడియో మీదికి విసిరా."

"నా చేతిలోంచి మైకు తీసేసుకున్నారు."

"ఆ సంగతి నాకేం తెలుసు అప్పుడు? రెండేళ్ళు నిన్ను తిట్టుకున్నా. తర్వాత తిట్టడానికి ఓపిక పోయింది."

స్వాన్‌బోర్గ్ చేతిలో కాఫీ చల్లారింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననుకుంది. "ఆ ముందురోజు సాయంత్రం... నువ్వు విన్నావా?"

"లేదు. మా చెల్లెలికి జ్వరం. వాళ్ళింటికి వెళ్ళా."

అప్పుడు మొత్తం చెప్పింది. ఇంకొక్క మాట అన్నాడనీ, తనే ఆపిందనీ, రేపు చెప్పమందనీ, ఆయన సరేనన్నాడనీ. పాతికేళ్ళుగా ఆ మాట ఏమై ఉంటుందా అని ఆలోచిస్తూనే ఉన్నాననీ, గాలి గురించేమో, పడవలో నీళ్ళు చేరుతున్నాయని చెప్పబోయాడేమో, తను వినుంటే ఏమైనా చేసి ఉండేదేమో అనీ. చెప్తున్నంతసేపూ గొంతు వణకలేదు. ఆ గొంతుకు వణకడం అలవాటు లేదు.

మాల్‌ఫ్రీదుర్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూచుంది. తర్వాత, స్వాన్‌బోర్గ్ ఏమాత్రం అనుకోనట్టుగా, నవ్వింది.

"పడవలో నీళ్ళు చేరితే 'అంతా బాగుంది' అంటాడా వెర్రిదానా? ఆయన వాగుడుకాయే గానీ అబద్ధాలకోరు కాదు." ఏదో గుర్తొచ్చినట్టు ఆమెకేసి తిరిగింది. "నీకు ఆ వారం దగ్గుందా?"

"ఉంది. జలుబు."

"అదే. అంతకుముందు రోజు పొద్దున బయల్దేరుతూ బూట్లు వేసుకుంటున్నాడు. 'ఆ రేడియో ఆవిడకి గొంతు పట్టేసింది, వింటుంటే నాకే దగ్గొస్తోంది. మీ అమ్మ దగ్గుకి కొండనాచు పాలలో కాచి ఇచ్చేది కదా, ఎంతసేపు కాచాలి?' అనడిగాడు. చెప్పా. గుమ్మందాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి అడిగాడు, తేనె ముందా తర్వాతా అని. విసుక్కున్నా నేను, నీ రేడియో ఆవిడకి మొగుడు లేడా అని."

స్వాన్‌బోర్గ్ చల్లారిన కాఫీ కప్పు నేల మీద పెట్టింది.

"అదే చెప్పబోయాడో, ఇంకేదైనానో దేవుడికే తెలియాలి. ఆయనకి మాటలకేం కొదవ? నాకు మాత్రం అదే అనిపిస్తోంది."

"ఎంతసేపు కాచాలి?" అని అడిగింది స్వాన్‌బోర్గ్ చివరికి.

"పావుగంట. సన్నసెగ మీద. తేనె దించాక."

అప్పుడు ఏడ్చింది. చప్పుడు లేకుండా, పిండి బస్తా మీద వంగి, చాలాసేపు. మాల్‌ఫ్రీదుర్ దగ్గరికి జరిగి, స్వెట్టరు చేతిని కిందికి లాగి ఆమె ముఖం తుడిచింది, చిన్నపిల్లకి తుడిచినట్టు, కాస్త మొరటుగా. హాలులో జర్మన్ ముసలాయన ఎనిమిదో అట్టు అడుగుతున్నాడని ద్రీవ వచ్చి చెప్పి, వాళ్ళను చూసి తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయింది.

ఓడ ఆ రోజు గంట ఆలస్యంగా బయల్దేరింది. ఎందుకని ఎవరైనా అడిగితే, ఆటుపోట్లు చూసుకోవాలి కదా అన్నాడు ఆస్‌ముందుర్.

తర్వాతి ఆరు రోజుల్లో స్వాన్‌బోర్గ్ పడమటి అఖాతాలు చూసింది. దక్షిణాన నల్ల ఇసుక మీద మంచుముక్కలు చూసింది. కొత్తగా చల్లారిన లావా పగుళ్ళలోంచి ఆవిరి లేస్తుంటే చెయ్యి పెట్టి చూసి, "మా ఇంటి పొయ్యి కంటే నయం" అంది. ఒకరోజు మళ్ళీ కక్కుకుంది. మిగతా రోజులన్నీ కుర్చీలో కూచుని పేర్లు చెప్పింది, ఇప్పుడు కళ్ళు తెరిచే. కొన్ని కొమ్ములను చూసి, "నిన్ను నేను ఇంకోలా అనుకున్నా" అని వాటితోనే చెప్పేది. ద్రీవ ఆ మాటల్ని కూడా ప్రయాణికులకు చెప్పేది.

రేవులో ఎయ్‌విందుర్ నిలబడి ఉన్నాడు, ఆదివారం చొక్కా వేసుకుని.

"మొత్తం చూశావా?"

"చూశా."

"ఎలా ఉంది?"

"పదా, ఇంటికెళ్ళి చెప్తా" అంది. ఇంటికెళ్ళి చెప్పింది. ఉడికించిన చేప, బంగాళాదుంపలు ముందు పెట్టుకుని రెండు గంటలసేపు చెప్పింది. బెర్గ్‌స్వెయిన్ సంగతి, తన మాట సంగతి, పిండి బస్తాల సంగతి. ఎయ్‌విందుర్ ఒక్కసారీ మాటకు అడ్డం రాలేదు. అంతా అయ్యాక లేచి ఆమె భుజం మీద చెయ్యి వేసి, "పాతికేళ్ళు ఒక్కదానివే మోశావా? నేను పక్కనే ఉన్నా కదే" అన్నాడు. ఆమె ఆ చెయ్యి మీద చెయ్యి వేసింది.

ఆదివారం ఆదివారం మాల్‌ఫ్రీదుర్ ఫోన్ చేసేది. వాతావరణం, మోకాళ్ళు, ఎవరెవరు పోయారు, ఎవరికి పిల్లలు పుట్టారు. ఆ ఆగస్టు చివర్లో, అడవి బెర్రీలు పండే వేళకి, ఫెర్రీ దిగి బస్సెక్కి తనే వచ్చేసింది. మూడు రోజులని వచ్చి పదకొండు రోజులుంది. ఎయ్‌విందుర్ కాఫీ తారులా ఉందని మొదటి పొద్దునే తేల్చి చెప్పింది. ఆమె పెట్టిన కాఫీ కడుగునీళ్ళలా ఉందని అతనన్నాడు. పదకొండు పొద్దులూ ఆ తగవు తెగలేదు. ఆడవాళ్ళిద్దరూ బకెట్లు పట్టుకుని కొండెక్కేవారు. సాయంత్రం ఇంటి వెనక బల్ల మీద కూచుని, వేళ్ళు నీలమయ్యేదాకా బెర్రీల్లోంచి ఆకులు ఏరేవారు. ఒక్కోసారి గంటసేపు ఎవరూ నోరు విప్పేవారు కాదు. అలా ఊరుకోవడం స్వాన్‌బోర్గ్‌కి హాయిగా ఉండేది.

వెళ్ళే రోజున ఎయ్‌విందుర్ కుంటుకుంటూ ఆమె సంచి బస్సుదాకా మోశాడు.

"మళ్ళీ ఎప్పుడొస్తావు?" అన్నాడు.

"నువ్వు కాఫీ పెట్టడం నేర్చుకున్నాక."

అతను నేర్చుకోలేదు. ఆమె మాత్రం ఆ తర్వాత అయిదేళ్ళూ బెర్రీల కాలానికి వస్తూనే ఉంది.